రమ్మన్న రోజున పిల్లలు రాలేకపోతున్నారు: మీ ఇళ్లలో అసలు ఏం అడ్డుపడుతోంది?

ప్రశ్న: ఫిజియోథెరపిస్టు, జిల్లా సత్వర చికిత్సా కేంద్రం

అందరికీ నమస్కారం. జిల్లా ఆసుపత్రి ఆవరణలోని పిల్లల సత్వర చికిత్సా కేంద్రంలో 9 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఎక్కువగా సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలికలు అదుపులో లేకపోవడం), డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండడం), ఆటిజం ఉన్న పిల్లలు వస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లి పిల్లలను పరీక్షిస్తాయి. ఎదుగుదలలో తేడా కనిపిస్తే మాకు రాసి పంపుతాయి. అక్కడి వరకు సవ్యంగానే సాగుతుంది. మొదటిసారి వస్తారు, రెండోసారీ వస్తారు. ఆ తర్వాత రిజిస్టరులో వాళ్ల పేరు ఎదుట ‘గైర్హాజరు’ అని రాసుకుంటూ పోతాం. మొన్న శుక్రవారం ఎనిమిది మందిని రమ్మంటే వచ్చింది ముగ్గురు.

ఆ ముగ్గురిలో ఒక పాపను చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. పాపకు ఆరేళ్లు, నడవలేదు. సెరిబ్రల్ పాల్సీ ఉండి ఇలా నడవలేని పిల్లల తుంటి కీలు నెమ్మదిగా పక్కకు జరిగే ప్రమాదం ఉంటుంది. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి పైకి ఏమీ తెలియదు. అందుకే ఎప్పటికప్పుడు ఎక్స్‌రే తీసి చూసుకోవాలి. ఈ పాపకు మూడు తేదీలు తప్పిపోయాయి. మొన్న బల్ల మీద పడుకోబెట్టి మోకాళ్లు వంచి కాళ్లు విడదీయబోతే కుడికాలు రాలేదు. ‘గుడ్డ మార్చేటప్పుడు ఏడుస్తోందండి, నెల రోజులుగా’ అంది తల్లి. ఎక్స్‌రేలో చూస్తే తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి సగానికి పైగా బయటికి వచ్చేసింది. ఇప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు.

ఆమెను మందలించబోయాను. అంతలో ఆమె పాత చీటీల కోసం సంచిలోంచి ఒక పాలిథీన్ కవరు తీసింది. పాప పుట్టినప్పటి నుంచి ఇచ్చిన ప్రతి ఓపీ చీటీ అందులో తేదీల వరసలో ఉంది. వాటిలో తప్పిపోయిన ఆ మూడు తేదీలు రాసిన చీటీలు కూడా ఉన్నాయి. నా నోట మాట రాలేదు.

దయచేసి ‘మరిచిపోయి ఉంటారు’ అనే జవాబు వద్దు. మీరో, మీ ఇంట్లోవాళ్లో ఆ రోజున ఎందుకు రాలేకపోయారు? ఏం చేసి ఉంటే రాగలిగేవారు?

జవాబు: ఆటిజం ఉన్న అబ్బాయి తల్లి

మేడమ్ గారూ, మా వాడికి తొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట వేరే ఆసుపత్రిలో పది గంటలకు రమ్మన్నారు. ఒంటిగంట దాటినా పేరు పిలవలేదు. వరండాలో గోడ ఫ్యాను ఒకటి టకటకమని కొట్టుకుంటోంది. మనమైతే దాన్ని పట్టించుకోము. వాడు మాత్రం దానికి తట్టుకోలేక చెవులు మూసుకుని నేల మీద పడి దొర్లాడు. ‘పిల్లవాణ్ని అదుపులో పెట్టుకోవడం తెలియదా’ అని వరసలో ఎవరో అన్నారు. డాక్టరును చూడకుండానే ఇంటికి వచ్చేశాం.

ఆ తర్వాత ఇచ్చిన రెండు తేదీలనూ నేను మరిచిపోలేదు. క్యాలెండరులో ఎర్ర సిరాతో సున్నా చుట్టి పెట్టుకున్నాను. రెండుసార్లూ పొద్దున్నే వాడికి చొక్కా తొడిగి, చెప్పులు వేసి, గడప దాటలేక మళ్లీ విప్పేశాను.

ఇప్పుడు వెళ్తున్న చోట ఓపీలో ఉన్న సిస్టర్ మొదటి రోజే ‘అమ్మా, బాబు ఏ వేళలో నెమ్మదిగా ఉంటాడు?’ అని అడిగారు. అంతకుముందు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఉదయం అని చెప్పాను. అప్పటి నుంచి తలుపు తీయగానే మొదటి పేరు మాదే. ఆలస్యమయ్యే రోజున మేం బయట వేపచెట్టు కింద ఉంటాం, వంతు రాగానే ఆవిడ ఫోను చేస్తారు.

నేను కూడా ఒక పని చేస్తున్నాను. ఆసుపత్రి గేటు, బరువు చూసే యంత్రం, డాక్టరు గారి కుర్చీ ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకున్నాను. మూడు రోజుల ముందు నుంచి రాత్రిపూట వాటిని వరసగా చూపిస్తాను. చివరి ఫోటో మా ఇంటి తలుపు. అది కనపడేదాకా వాడు ఫోను వదలడు. ఆ తలుపు చూశాకే పడుకుంటాడు.

జవాబు: సెంట్రింగ్ పనివాడు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న అమ్మాయి తండ్రి

అమ్మా, మీ కంప్యూటర్‌లో ఉన్న నంబరు నాది. నేను బెంగళూరులో పని చేస్తాను. పాప, మా ఆవిడ ఊళ్లో ఉంటారు. ఆసుపత్రి నుంచి సందేశం ఇంగ్లీషులో వస్తుంది. అప్పుడు నేను ఎనిమిదో అంతస్తులో ఇనుప కడ్డీల మధ్య ఉంటాను. రాత్రికి చూసుకుని ఇంటికి ఫోను చేసేసరికి తేదీ మర్నాడే అయి ఉంటుంది. పొద్దున ఏడింటికి ఒకే బస్సు, అది తప్పితే మళ్లీ పదకొండుకే.

పాపకు పదకొండేళ్లు, 24 కిలోలు. మా ఆవిడ చంకనెత్తుకుని బస్సు ఎక్కాలి. చక్రాల కుర్చీ మా ఊరి బస్సులో పట్టదు. దానికి తోడు సోమవారం ఫిజియోథెరపీ, బుధవారం నరాల డాక్టరు, శుక్రవారం వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరం అంటారు. వారంలో మూడు రోజులు కూలి పోతే ఇల్లు ఎలా గడుస్తుందమ్మా? అన్నీ ఒకే రోజున పెట్టండి. ఎంత దూరమైనా తెచ్చి చూపిస్తాం.

ఇంకొక మాట. తోడు లేకుండా ప్రయాణం చేయలేని పిల్లలకు రైలు స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది, తోడు వెళ్లేవారికి కూడా అంతే. ఆ సంగతి మాకు నాలుగేళ్ల తర్వాత, అదీ పక్క సీటు ఆయన చెబితే తెలిసింది. మీ గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

జవాబు: డౌన్ సిండ్రోమ్ ఉన్న యువకుడి అక్క

పెద్దవాళ్లయిన పిల్లల సంగతి కూడా చూడండి మేడమ్. మా తమ్ముడికి 24. పద్దెనిమిది నిండగానే పిల్లల ఓపీలో ఇకపై పెద్దల ఓపీకి వెళ్లమన్నారు. పెద్దల ఓపీలో వాడి గురించి తెలిసినవాళ్లు లేరు, తేదీ ఇచ్చి రమ్మన్నవాళ్లూ లేరు. డౌన్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష చేయించాలి. అది రెండేళ్లు తప్పిపోయింది. వాడు రోజంతా నిద్రపోతుంటే బద్ధకమని అమ్మ కసిరేది. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తగ్గిపోయి ఉంది. మాత్రలు మొదలుపెట్టిన రెండు నెలలకు మళ్లీ సైకిల్ తుడుచుకుంటున్నాడు. ఇప్పుడు వాడి పుట్టినరోజు వారంలోనే పరీక్ష. ముందు రక్తం, తర్వాత కేకు. వాడే గుర్తుచేస్తాడు.

జవాబు: పిల్లల వైద్యురాలు, ఇంగ్లండ్

నేను గుంటూరులో చదువుకుని ఇక్కడికి వచ్చాను. ఇక్కడి ఆసుపత్రుల్లో పిల్లలు తేదీ తప్పితే ‘హాజరు కాలేదు’ అని రాసేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల దాని బదులు ‘తీసుకురాలేదు’ అని రాస్తున్నారు. ఆరేళ్ల పాప తనంతట తాను ఆసుపత్రికి రాదు కదా. అలా రాసినప్పుడు తీసుకురావలసినవారికి ఏం అడ్డువచ్చిందో కనుక్కోవలసిన పని మన మీద పడుతుంది. రెండు తేదీలు తప్పితే పేరు కొట్టేయడం అంత తేలిక కాదు. బుద్ధిమాంద్యం ఉన్నవారికి 14 ఏళ్లు దాటాక కుటుంబ వైద్యుడి దగ్గర ఏటా ఒకసారి పూర్తి పరీక్ష ఉంటుంది. పైన అక్క గారు రాసినటువంటి ఖాళీ రాకుండా ఉండడానికే అది.

మన దేశంలోనూ చట్టం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం వైద్యంలో వారికి ప్రాధాన్యం ఇవ్వాలి, ఆసుపత్రిలో ఏ భాగానికైనా అడ్డంకులు లేకుండా చేరగలగాలి. ఆ తల్లికి మొదటి వంతు ఇచ్చిన సిస్టర్ మనసు గొప్పది. అయితే ఆ సిస్టర్ బదిలీ అయిన రోజున ఆ వంతు పోకూడదు. దాన్ని కాగితం మీద నియమంగా రాయించండి.

ప్రశ్న అడిగినవారు, ఆరు వారాల తర్వాత

అందరి జవాబులూ అచ్చు తీసి మా సూపరింటెండెంట్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన తండ్రి గారి జవాబు రెండుసార్లు చదివారు. నరాల డాక్టరు గారు బుధవారం బదులు గురువారం చూస్తానన్నారు, మేమూ గురువారానికి మార్చుకున్నాం. దూరపు ఊళ్ల పిల్లలకు ఎక్స్‌రే, ఫిజియోథెరపీ, డాక్టరు అన్నీ ఆ రోజే. సదరం తేదీలు మా చేతిలో లేవు, అక్కడ ఏమీ చేయలేకపోయాను.

రిజిస్టరులో ‘గైర్హాజరు’ తీసేసి ‘తీసుకురాలేకపోయారు’ అని రాసి, పక్కన ‘కారణం’ అని ఒక గడి గీశాను. మొదటి వారం ఆ గడిలో ‘బస్సు రాలేదు’, ‘ఫిట్స్ వచ్చాయి’, ‘మిరప కోతలు’, ‘అత్తగారు వద్దన్నారు’ అని ఉన్నాయి. చివరి దానికి మందు నా దగ్గర లేదు. ఆ ఇంటికి ఆశా కార్యకర్తను తీసుకుని వెళ్లాలి. మిగతావాళ్లకు రెండు రోజుల ముందు సాయంత్రం నేనే ఫోను చేసి తెలుగులో మాట్లాడుతున్నాను. ప్రతి పేరుకూ రెండు నంబర్లు రాసుకుంటున్నాను, వాటిలో ఒకటి కచ్చితంగా పాప దగ్గర ఉండేవారిది. అయినా ఇద్దరి ఫోన్లు ఇప్పటికీ పలకడం లేదు.

తుంటి కీలు జరిగిన ఆ ఆరేళ్ల పాపకు వచ్చే మంగళవారం పెద్దాసుపత్రిలో ఆపరేషన్. పొద్దున బస్సు తప్పిపోతుందేమోనని సోమవారం సాయంత్రమే బయలుదేరతామని తల్లి చెప్పింది. రాత్రికి ఒక పడక ఉంచమని అక్కడి వార్డు సిస్టర్‌కు ఫోను చేసి చెప్పాను.