ఇల్లు కాలింది, సర్వేయరు ఇంకా రాలేదు: కడిగించవచ్చా?

సత్యనారాయణపురం కోడలు:
మొన్న శుక్రవారం మధ్యాహ్నం హాల్లో ఏసీ షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచాయి. మనుషులం క్షేమం. హాలు, పూజ గది పోయాయి, మిగిలిన ఇల్లంతా మసి. ఉప్పు డబ్బా మూత తీసినా పొగ వాసనే. గృహరుణం ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్లు కట్టించిన భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంది. కంపెనీకి ఫోన్ చేశాం, నష్టం అంచనా వేసే సర్వేయరు ఇంకా రాలేదు. మా అత్తగారేమో "ఈ నల్లటి ఇంట్లో దీపం ఎలా పెట్టను?" అంటూ కడిగించమని పట్టుబడుతున్నారు. కడిగించవచ్చా?

బ్రాడీపేట బాబాయ్:
అమ్మా, చీపురు ముట్టుకోవద్దు. గుంటూరులో మా వంటిల్లు కాలినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని అదే. చుట్టాలు పరామర్శకు వస్తారని, కాలిన ఫ్రిజ్‌ను పాత ఇనుము బండికి వేసేశాను. సర్వేయరు వచ్చి ఫ్రిజ్ ఏదన్నాడు. నేల మీద నాలుగు కాళ్ల గుర్తులు చూపించాను! చివరికి మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్‌లో, పిల్లల వెనకాల అది కనిపించడంతో బయటపడ్డాను. మీ బంధువుల ఫోన్లలో పాత ఫొటోలు వెతికించండి.

క్లెయిముల గుమస్తా:
ఫోన్ చేస్తే చాలదు, ఈమెయిల్ కూడా పంపి క్లెయిము నంబరు తీసుకోండి. అగ్నిమాపక కేంద్రం నుంచి ధ్రువపత్రానికి ఈరోజే దరఖాస్తు పెట్టండి. ఈ పాలసీలో ఇంటికి బీమా ఉంటే, వద్దని రాయించుకుంటే తప్ప, సామానుకూ దానంతటదే ఉంటుంది: ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. బంగారానికి మాత్రం విడిగా తీసుకుని ఉండాలి. షార్ట్ సర్క్యూట్ అయిన ఆ ఏసీకి డబ్బు రాదు, దాని నుంచి అంటుకుని కాలిన వాటికి వస్తుంది. "ఏసీయే కారణం కాబట్టి అసలు క్లెయిమే లేదు" అని ఎవరైనా అంటే నమ్మవద్దు. శిథిలాల తరలింపుకు క్లెయిములో 2 శాతం దాకా, ఇంజనీరు ఫీజులకు 5 శాతం దాకా ఇస్తారు. అడగనివాళ్లే ఎక్కువ.

పటమట వదిన:
రుణం ఉంది కాబట్టి క్లెయిము డబ్బు ముందు బ్యాంకు చేతికి వెళ్లవచ్చు. మాకు అలాగే అయింది. మరమ్మతులకు విడుదల చేయమని ముందుగానే లేఖ ఇవ్వండి, లేకపోతే అప్పులో జమ వేసుకుంటారు.

రిటైర్డు ఏఈ:
డబ్బు సంగతి అందరూ చెప్పారు, శ్లాబు సంగతి ఎవరూ అడగలేదు. హాలు పైకప్పును సుత్తితో మెల్లగా కొట్టి వినండి. ఠంగుమంటే పర్వాలేదు. డబడబమంటే లోపల పొర విడిపోయినట్టే, ఆ గదిలో ఎవరినీ తిరగనివ్వవద్దు. పూత ఊడిన చోట కాంక్రీటు గులాబి రంగుకు తిరిగి ఉంటే సుమారు 300 డిగ్రీల వేడి తగిలిందని లెక్క. అప్పుడు మేస్త్రీ మాట కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు కావాలి. గోడల్లో పైపుల లోపలి వైర్లు పైకి బాగున్నట్టే ఉంటాయి, తొడుగు కరిగి ఉంటుంది. ఆ గదుల వరకు కొత్తవి లాగించండి. మసి కడగకుండా రంగు వేస్తామనే పెయింటరును గుమ్మం దగ్గరే పంపించేయండి, నెలలోపు పసుపు మరకలు పైకి వస్తాయి.

క్లెయిముల గుమస్తా:
కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా తేల్చకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

సత్యనారాయణపురం కోడలు:
అందరికీ నమస్కారాలు. సర్వేయరు ఈరోజు వచ్చారు, రెండు గంటలు కొలతలు తీసుకున్నారు. హాలు శ్లాబు ఒక మూల డబడబమంది, ఇంజనీరును పిలిచాం. పూజ గదిలో ఇత్తడి కుందులు కరగలేదు, నల్లబడ్డాయంతే. వాటికీ ఫొటో తీయించాకే అత్తగారి చేతికిచ్చాను. చింతపండుతో తోముకుని, పక్క వాటాలో దీపం పెట్టుకున్నారు.