సైన్ 62° ఉజ్జాయింపు: విలువ ఎందుకు ఎక్కువ వస్తోంది?

ప్రశ్న:
60° దగ్గర స్పర్శరేఖ (వక్రాన్ని అక్కడ తాకుతూ అదే వాలుతో వెళ్లే సరళరేఖ) తీసుకుని సైన్ 62° కడితే 0.88348 వస్తోంది. కాలిక్యులేటర్‌లో 0.88295. లెక్క తప్పా, పద్ధతే ఇంతేనా? టాన్ 46°కి మాత్రం అసలు విలువ కంటే తక్కువొస్తోంది, అదేంటి?

జవాబు 1:
లెక్క సరైనదేనండి. 2° అంటే 0.0349066 రేడియన్లు, సైన్ 60° = 0.866025, అక్కడి వాలు (అవకలజం) కాస్ 60° = 0.5. కాబట్టి 0.866025 + 0.5 × 0.0349066 = 0.883479. మిగిలిన తేడా మనం వదిలేసిన రెండో పదానిది: రెండో అవకలజం (వాలు మారే రేటు) × మార్పు వర్గం ÷ 2. ఇక్కడ −0.866 × 0.0012185 ÷ 2 = −0.000528. ఇది కలిపితే 0.882951, ఐదు దశాంశాల దాకా సరిపోతుంది.

పరీక్షలో 1° = 0.0174 అని ఇస్తే దాన్నే వాడండి, 0.8834 వస్తుంది. డిగ్రీలను మార్చకుండా 2 అనే వేస్తే 1.866 వస్తుంది. సైన్ 1 దాటదు కదా, అక్కడే దొరికిపోతుంది.

జవాబు 2:
ఎక్కువా తక్కువా అన్నది వక్రం వంపు చెబుతుంది. 0°–180° మధ్య సైన్ వక్రం తన స్పర్శరేఖకు కిందే ఉంటుంది. అందుకే 62°కి వెళ్లినా, వెనక్కి 58°కి వచ్చినా ఉజ్జాయింపు ఎక్కువే. 0°–90° మధ్య టాన్ అందుకు తలకిందులు: 45° దగ్గర టాన్ 1, వాలు 2 కాబట్టి 46°కి 1 + 2 × 0.0174533 = 1.034907, అసలు 1.035530. ఒక్క డిగ్రీకే అంత తేడా ఎందుకంటే 45° దగ్గర టాన్ రెండో అవకలజం 4.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది, థాంక్సండి. 62°కి 45° నుంచి వెళ్లొచ్చా? కాస్ 2°కి 0° తీసుకుంటే సరిగ్గా 1 వస్తోంది, అది కూడా చెప్పండి.

జవాబు 1:
45° నుంచి వెళ్తే 0.9169. దూరం ఎనిమిదిన్నర రెట్లు పెరిగితే దోషం అరవై రెట్లు దాటింది, వద్దు. 0° దగ్గర కాస్ వాలు సున్నా, అందుకే మార్పు కనబడదు. అక్కడ రెండో పదం తప్పదు: 1 − 0.000609 = 0.999391.

జవాబు 3:
టాన్‌తో 90° దగ్గర ఇంకా జాగ్రత్త. 88° నుంచి 89°కి వెళ్తే 42.97 వస్తుంది, అసలు 57.29. అక్కడ సూటిగా కట్టకుండా టాన్ 89° = 1 ÷ టాన్ 1° అని తిప్పండి. టాన్ 1°కి 0.0174533 వేస్తే 57.296 వచ్చేస్తుంది.