వార్‌లో అటాక్ చేయని పాత మెంబర్‌ని క్లాన్‌లోంచి తీసేయాలా?

గోదారిగట్టు:
మాది క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ ఆటలో ఎక్కువగా తెలుగువాళ్లే ఉన్న క్లాన్, అంటే జట్టు. నేను కో-లీడర్‌ని. క్లాన్ పెట్టినప్పటి నుంచీ ఉన్న ఒకాయన ఈ మధ్య వేరే క్లాన్‌తో జరిగే వార్‌లలో వరుసగా అటాక్స్ వదిలేస్తున్నాడు. ముందు అడిగితే "ఉంటాను, నన్ను వేసెయ్యండి" అంటాడు. బ్యాటిల్ డే 24 గంటలూ గడిచిపోతాయి, ఆయన రెండు అటాక్స్ అలాగే ఉండిపోతాయి. మొన్నటి వార్ రెండు స్టార్ల తేడాతో పోయింది. లీడర్ కిక్ చేసేద్దాం అంటున్నాడు, నేను ఒప్పుకోవడం లేదు.

ఆయన కువైట్‌లో డ్రైవర్. మాకు అర్ధరాత్రి పన్నెండున్నర అంటే ఆయనకి రాత్రి పది. మేమంతా పడుకున్నాక ఎవరు ట్రూప్స్ అడిగినా తన సైన్యంలోంచి డొనేట్ చేసి వాళ్ల క్లాన్ కాజిల్ నింపేది ఆయనే. కొత్త కుర్రాడెవడైనా ఓడిపోతే రీప్లే మొత్తం చూసి, "తమ్ముడూ, వాల్ బ్రేకర్లని ముందే వదిలేశావు. జెయింట్లు ముందుకెళ్లి దెబ్బలు తింటుంటే అప్పుడు వదలాలి" అని చాట్‌లో ఓపిగ్గా రాసేవాడు. ఇవాళ మా వార్‌లలో త్రీ స్టార్లు కొడుతున్న వాళ్లలో సగం మంది అలా నేర్చుకున్నవాళ్లే. అటాక్ చేయలేదని అలాంటి మనిషిని బయటికి పంపితే, ఇన్నాళ్లూ మనం అనుకున్న స్నేహం డొనేషన్ లెక్కేనా? మీ అభిప్రాయం చెప్పండి.

వార్‌మ్యాప్:
కిక్ చేయాలి బ్రో. కోపంతో అనడం లేదు. పదిహేను మంది వార్‌లో ముప్పై అటాక్స్ ఉంటాయి. మిగతా పద్నాలుగు మందీ ఆఫీసులు, కాలేజీలు, ఇంటి పనులు చూసుకుని, అలారం పెట్టుకుని మరీ వచ్చి కొడుతున్నారు. వాళ్ల కష్టానికి లెక్క లేదా? స్నేహం ఉంటే వాట్సాప్‌లో ఉంచుకోండి. వార్ ఆడనివాడు రెడ్ పెట్టుకోవాలి, అంటే "నన్ను వార్‌లో వేయొద్దు" అనే గుర్తు, దానికి ఒక్క ట్యాప్ చాలు. "ఉంటాను" అని మాటిచ్చి రాకపోవడమే నాకు నచ్చనిది.

పాత రైడర్:
ఈ పంచాయితీ ఇవాళ్టిది కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004లో వచ్చింది. అందులో మోల్టెన్ కోర్ రైడ్‌కి, అంటే పెద్ద పెద్ద బాస్‌లని కలిసి కొట్టడానికి, నలభై మంది వెళ్లేవాళ్లు. బాస్ చనిపోతే దొరికేవి కొన్ని వస్తువులే. ఎవరికివ్వాలన్నది తేల్చడానికి చాలా గిల్డ్‌లు (అక్కడి క్లాన్‌లు) డీకేపీ అనే పాయింట్లు వాడేవి. ఆ పద్ధతి అంతకు ముందు ఎవర్‌క్వెస్ట్ అనే ఆట రోజుల్లో పుట్టింది. వచ్చినవాడికి పాయింట్లు, రానివాడికి సున్నా. లెక్క లేకపోతే ప్రతి రైడూ గొడవతో ముగిసేది. కాబట్టి లెక్క ఉన్నంత మాత్రాన స్నేహం లేదనుకోకండి. అన్నదమ్ములు కూడా పొలం గట్టు కొలుచుకుంటారు.

అయితే ఆ లెక్క వస్తువులు పంచడానికే పెట్టుకున్నారు. మనిషి ఉండాలా పోవాలా అన్నది దానితో తేల్చొద్దు.

మిరపతోట:
నాది వేరే బాధ. మా క్లాన్‌లో ఒకడు బాగా దగ్గరయ్యాడు. ఇంట్లో అర్జెంట్ అంటే ఫోన్‌పే చేశాను. మర్నాటికి క్లాన్ లేదు, నంబర్ లేదు. అప్పటి నుంచి ఆటలో పరిచయాన్ని ఆట వరకే ఉంచుతున్నాను. ట్రూప్స్ అడిగితే ఇస్తాను, తీసుకుంటాను. ఇంకో మాట, పాతవాళ్ల డొనేషన్ల గురించి గొప్పగా చెప్తున్నారు కానీ ఇప్పుడు ఇవ్వడంలో కష్టమేముంది? 2022లో ట్రూప్స్‌కి ఎలిక్సిర్ (ఆటలోని సొమ్ము) ఖర్చు తీసేశారు, 2025లో ట్రైనింగ్ టైమ్ కూడా తీసేశారు. వేలు ఆడిస్తే చాలు.

గోదారిగట్టు:
మీకు జరిగింది అన్యాయం, కాదనను. కానీ నేను చెప్పేది ఆ పాత రోజుల సంగతే. అప్పుడు మనకొకరు డ్రాగన్ ఇచ్చారంటే సొంత ఎలిక్సిర్ పోసి, అది తయారయ్యేదాకా ఆగి, తన ఆర్మీలోంచి తీసి ఇచ్చినట్టు. ఆయన ఇచ్చినవి అలాంటివి. ఇప్పటి సీజన్ డొనేషన్ బోర్డులో ఆయన పేరు పక్కన సున్నా ఉంది. సీజన్ మారగానే ఆ బోర్డు చెరిగిపోతుంది. మనం కూడా అలాగే మర్చిపోవాలా?

నైట్ డ్యూటీ:
నేను హైదరాబాద్‌లో నర్సుని. అమ్మాయినని తెలిస్తే చాట్‌లో ఫొటో అడిగేవాళ్లు ఎక్కువని మగ పేరుతో ఆడేదాన్ని. పాత క్లాన్‌లో మా లీడరన్న ఒక్కడికే తెలుసు. ఓసారి ఎవడో కనిపెట్టి పిచ్చి మెసేజ్‌లు మొదలుపెడితే, లీడరన్న వార్ మధ్యలోనే వాణ్ణి తీసేశాడు. వాడు మా టాప్ అటాకర్. ఆ వార్ ఓడిపోయాం, ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత ఆయన ఆట మానేశాడు, లీడర్‌షిప్ మారింది. నాకు ఐసీయూ డ్యూటీలు పడి అటాక్స్ మిస్సయ్యాయి. ఒకరోజు ఓపెన్ చేస్తే క్లాన్‌లో లేను. తీసేసినందుకు కాదు నా బాధ. "అక్కా, ఏమైంది?" అని ఒక్కరూ అడగలేదు. కో-లీడర్ గారూ, ఆయన్ని అడిగారా మీరు?

వార్‌మ్యాప్:
అక్కా, మీ విషయంలో తప్పే జరిగింది. కానీ మనిషి చెప్పకపోతే లీడర్‌కి ఎలా తెలుస్తుంది? యాభై మంది ఉంటారు క్లాన్‌లో, ఒక్కొక్కరి ఇంటి సంగతీ కనుక్కుంటూ కూర్చోలేడు కదా.

పాత రైడర్:
చెప్పుకోలేని వాళ్లుంటారు. నార్వేలో మాట్స్ స్టీన్ అనే కుర్రాడికి డుషేన్ అనే కండరాల జబ్బు. 2014లో పాతికేళ్లకే పోయాడు. వార్‌క్రాఫ్ట్‌లో ఐబెలిన్ పేరుతో స్టార్‌లైట్ అనే గిల్డ్‌లో ఆడేవాడు. జబ్బు సంగతి గిల్డ్‌లో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి స్నేహితులే లేరని తల్లిదండ్రులు దిగులు పడ్డారు. పోయాక తండ్రి అతని బ్లాగులో ఆ వార్త రాస్తే గిల్డ్ వాళ్ల ఉత్తరాలు వరసగా వచ్చాయి, అంత్యక్రియలకి వేరే దేశాల నుంచి కూడా వచ్చారు. ఆటిజం ఉన్న కొడుకుతో ఎలా దగ్గరవ్వాలో తెలియని ఒక తల్లికి అతను దారి చూపించాడట. అతనికీ గిల్డ్‌లో గొడవలయ్యాయి, మాటలు పడ్డాడు. లోపల ఏముందో తెలియక అన్న మాటలవి. అందుకే అంటున్నా, కిక్ నొక్కే ముందు ఒక ఫోన్ చేయండి.

టీహెచ్ పదహారు:
సింపుల్‌గా చేయొచ్చు కదా. ఆయన ఐడీ తీసుకుని మీరే అటాక్ చేసేయండి. మా క్లాన్‌లో అందరం అదే చేస్తాం.

గోదారిగట్టు:
వద్దు తమ్ముడూ. అకౌంట్ పంచుకోవడం ఈ ఆట తయారుచేసిన సూపర్‌సెల్ రూల్స్‌కి విరుద్ధం, బ్యాన్ పడితే ఆయన ఇన్నేళ్ల బేస్ పోతుంది.

అక్క అడిగినది నిజం. గ్రూప్‌లో అందరి ముందూ "అటాక్ చేయండి" అని ట్యాగ్ చేశామే గానీ విడిగా ఎవరం అడగలేదు. ఇందాకే ఫోన్ చేశాను. కంపెనీ మారాడు, కొత్త రూమ్‌లో సిగ్నల్ సరిగ్గా లేదు, డ్యూటీ పద్నాలుగు గంటలు. "ఆడలేనంటే తీసేస్తారేమో, మీరంతా దూరమైపోతారేమోనని ఉంటానన్నాను" అన్నాడు. రెడ్ పెట్టించాను. క్లాన్‌లో ఎల్డర్ హోదాలోనే ఉంటాడు. లీడర్‌తో నేను మాట్లాడతాను.

వార్‌మ్యాప్:
వార్‌లో లేకపోతే నాకు అభ్యంతరం లేదు. కానీ వార్ లీగ్‌లో ఏడు రోజులూ ఆడినవాళ్లుండగా లీడర్ పంచే బోనస్ మెడల్స్ మాత్రం ఆయనకి ఇవ్వకండి. ఇస్తే మళ్లీ ఇక్కడికే వస్తాను.