అప్‌డేట్: సంక్రాంతి లోపు ఇంటి పని ఎంతవరకు వచ్చిందంటే

హాలు గోడకు చెమ్మ, వంటగట్టుకు కొత్త గ్రానైట్, ఇల్లంతా రంగులు... ఇవన్నీ పండగలోపు అవుతాయా అని కార్తీక మాసంలో అడిగాను కదా. "ముందు నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చూడండి, రంగు తర్వాత" అని ఎక్కువమంది అన్నారు. అదే చేశాం. డాబా మీద పిట్టగోడ అడుగున పగులు ఉంది, అక్కడినుంచే కారుతోంది. వాటర్‌ప్రూఫింగ్ చేయించి, హాలు గోడకు పాత ప్లాస్టరింగ్ కొట్టించి కొత్తది వేయించి, వారం పాటు తడిపాం.

కొత్త ప్లాస్టరింగ్ మీద దాదాపు 28 రోజులు రంగు వేయకూడదని పెయింటర్ పట్టుబట్టాడు. పండక్కి ఆ గోడ బోసిగా ఉంటుందని అమ్మకు ఒకటే టెన్షన్! చివరికి ఆ గోడ వదిలేసి మిగతా గదులకు రంగులు, ప్రహరీకి సున్నం వేయించాం. బొమ్మల కొలువు మెట్లు ఆ గోడ ముందే పెట్టాం, గాలి ఆడేలా జానెడు దూరంగా. అమ్మ శాంతించింది.

ధనుర్మాసంలో గృహప్రవేశాలు చేయరు గానీ మరమ్మతులకు ఫర్వాలేదన్నారు మా పురోహితులు. వంటగట్టు మాత్రం ఆపేశాం. అరిసెల పాకం పొయ్యి మీద ఉండగా గ్రానైట్ కోత ఎవరికి కావాలి? కనుమ తర్వాత ఆ పని, హాలు గోడ రంగు కలిపి మొదలుపెడతాం.