కాన్మోర్ ఇంకా పెరగాలా, ఇక్కడితో ఆగాలా?

లోయవాసి:
కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, కాల్గరీ నుంచి బాన్ఫ్ వెళ్లే దారిలో, నేషనల్ పార్క్ గేటుకి ముందే వచ్చే ఊరు కాన్మోర్. 1884లో రైలు కోసం వెలిసింది. దాదాపు వందేళ్లు బొగ్గు గనుల మీద బతికింది. 1979 జులైలో గని మూసేశారు. 1988 వింటర్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ స్కీయింగ్, బయాథ్లాన్ (స్కీయింగ్‌తో పాటు తుపాకీ గురి) పోటీలు ఇక్కడే జరిగాయి. ఆ తర్వాత ఊరు మళ్లీ లేచింది. 2021 లెక్కల్లో జనాభా 15,990. ఇప్పుడు త్రీ సిస్టర్స్ శిఖరాల కింద కొత్త కాలనీలు వస్తున్నాయి. అవన్నీ కడితే ఊరు దాదాపు రెట్టింపవుతుంది. 2021లో టౌన్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఆ కాలనీలు కట్టే కంపెనీ ట్రిబ్యునల్‌లో గెలిచింది, 2023లో ఆల్బర్టా అప్పీల్ కోర్టులోనూ గెలిచింది. ఊరు ఎన్నుకున్న కౌన్సిల్ వద్దంటే కోర్టు కట్టమనడం నాకు అన్యాయంగా ఉంది.

బొగ్గుబాట:
అన్నా, అనుమతి నిన్న మొన్నటిది కాదు. 1992లోనే రాష్ట్ర బోర్డు ఇచ్చింది. దాన్ని నమ్మి డబ్బు పెట్టినవాళ్లకి ముప్పై ఏళ్ల తర్వాత కాదంటే ఎలా? ఇంకో సంగతి. బాన్ఫ్ ఊరు పార్క్ లోపలే ఉంది. అక్కడ ఉద్యోగమో వ్యాపారమో లేనివాళ్లు కాపురం పెట్టకూడదు, అది పార్క్ రూలు. కొండల్లో ఇల్లు కావాలనుకున్న డబ్బున్నవాళ్లంతా గేటు ఇవతలికే వస్తారు. కట్టడం ఆపితే వాళ్లు రావడం ఆగదు, ఉన్న ఇళ్ల రేట్లే పెరుగుతాయి.

కొండగొర్రె:
రేట్ల గురించి సరే, నేల గురించి ఎవరూ మాట్లాడరే! అక్కడ లోయ చాలా ఇరుకు. నది, రైలు పట్టాలు, హైవే, ఊరు అన్నీ ఆ అడుగుభాగంలోనే సర్దుకున్నాయి. ఎలుగుబంట్లు, తోడేళ్లు, కూగర్లు (కొండ సింహాలు) బాన్ఫ్ నుంచి తూర్పుకి నడిచే దారి కూడా అదే. మ్యాప్ మీద వాటికి కారిడార్ గీసి నిటారు వాలు చూపిస్తే అవి అక్కడ నడవవు, మనలాగే చదునుగా ఉన్నచోటే నడుస్తాయి. పైగా ఆ స్థలంలో చాలాచోట్ల అడుగున పాత గని సొరంగాలున్నాయి. 2013 జూన్ వరదలో ఊళ్లోని కూగర్ క్రీక్ వాగు ఏం చేసిందో మర్చిపోయారా? వాగు తెచ్చిన మేట మీద కట్టిన ఇళ్ల వెనక గట్టు కోసుకుపోయి, పునాదులు గాల్లో తేలాయి. ఊరు పెరగాలని తొందరపడితే జరిగేది ఇదే.

వంటింటివాడు:
నేను రెండేళ్లు కాన్మోర్‌లో ఒక హోటల్ కిచెన్‌లో పనిచేశాను. నలుగురం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం, జీతంలో సగం అద్దెకే. అదే వీధిలో చాలా ఇళ్లలో వారాల తరబడి లైటు వెలిగేది కాదు. అవన్నీ కాల్గరీవాళ్ల వీకెండ్ ఇళ్లు. కొండగొర్రె గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇళ్లు వద్దనేవాళ్లలో చాలామందికి అక్కడ ఇల్లుంది, నాకు లేదు.

లోయవాసి:
తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివాక నా ప్రశ్న మారింది. కోర్టు తీర్పు వచ్చేసింది, ఇళ్లు ఎలాగూ కడతారు. ఎవరి కోసం అన్నదే మిగిలింది. ఎవరూ స్థిరంగా ఉండని ఇళ్ల మీద అదనపు పన్నుకి కౌన్సిల్ 2024లో ఆమోదం తెలిపింది. నేను దానికి పూర్తిగా మద్దతిస్తాను.

వంటింటివాడు:
పన్ను మంచిదే అన్నా. కానీ లక్షలు పోసి వీకెండ్ ఇల్లు కొన్నవాడు ఆ పన్ను కూడా కట్టేస్తాడు. కొత్త కాలనీలో ఎన్ని ఇళ్లు అక్కడ పనిచేసేవాళ్లకే ఇస్తారో ముందే కాగితం మీద రాయించాలి.

కొండగొర్రె:
అలా రాస్తే, ఎలుగుల దారి వదిలేస్తే, నేను కూడా సంతకం పెడతాను.