ఇంటి నుంచే ఉద్యోగం: రాజోలు పెంకుటింట్లో టేబుల్ ఎక్కడ వేసుకోవాలి, ఏం కొనాలి?

రాజోలు కుర్రాడు:
నమస్తే అండి. ఆఫీసు వాళ్లు ఇక ఇంటి నుంచే పని చేసుకోమన్నారు, హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి రాజోలు దగ్గర మా ఊరు వచ్చేశాను. పాత పెంకుటిల్లు. వీధి అరుగు ఉంది, పడమటి గది ఉంది, పెరట్లో కొత్తగా వేసిన స్లాబు గది ఉంది. ఏది మంచిది? లాప్‌టాప్ భోజనాల బల్ల మీద పెట్టుకుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. డెస్క్‌టాప్ కొనమంటారా? కరెంటు సంగతి మీకు తెలిసిందేగా.

పాలకొల్లు నుంచి:
డెస్క్‌టాప్ వద్దండి, కరెంటు పోయినా లాప్‌టాప్ కాసేపు ఆదుకుంటుంది. మెడ నొప్పి ఎందుకంటే, దాంట్లో స్క్రీనూ కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కదా, చేతులకి సరిపోయే ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కళ్లకి సరిపోయేలా పెడితే భుజాలు లేస్తాయి. అందుకని విడి కీబోర్డు, మౌస్ కొనుక్కుని లాప్‌టాప్‌ని స్టాండు మీదకి ఎక్కించండి, లావుపాటి పుస్తకాలు పేర్చినా చాలు. స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకి రావాలి, చెయ్యి చాపితే వేళ్లు తగిలేంత దూరంలో ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి, మీకు కొబ్బరి చెట్లకి కొదవా!

అమలాపురం నుంచి:
అరుగు మాత్రం వద్దు. వెలుతురికి స్క్రీన్ కనపడదు, పైగా దారిన పోయే ప్రతి ఒక్కరూ "ఎప్పుడొచ్చావురా" అని ఆగుతారు, మీటింగులో ఉన్నానని ఎంతమందికి చెబుతారు? స్లాబు గది మే నెలలో కొలిమే. పడమటి గది తీసుకోండి, కానీ సాయంత్రం కిటికీలోంచి ఎండ సూటిగా పడుతుంది కాబట్టి టేబుల్ ఉత్తరం గోడకి వేసి, కిటికీ ఎడమ పక్కన ఉండేలా కూర్చోండి. కిటికీ వెనకుంటే స్క్రీన్ మెరుస్తుంది, ఎదురుగా ఉంటే కళ్లు లాగేస్తాయి. పాత ఇళ్ల గోడలు మందం, 5 గిగాహెర్ట్జ్ వైఫై వాటిని దాటలేక నీరసపడుతుంది. రౌటర్ నుంచి కేబుల్ లాగించుకుంటే ఆ తలనొప్పే ఉండదు.

భీమవరం దగ్గర పల్లెటూరు నుంచి:
కరెంటు గురించి నేను చెబుతాను. మా దగ్గర రాత్రిళ్లు చేపల, రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) వేశారంటే చాలు, వోల్టేజీ పడిపోతుంది. ఇన్వర్టర్ ఉంటే మంచిదే, లేకపోయినా రౌటర్‌కి చిన్న యూపీఎస్ తప్పకుండా పెట్టుకోండి. చాలా రౌటర్లు 12 వోల్టులవే, అయినా అడాప్టర్ మీద రాసింది చూసి కొనండి. అన్నిటికంటే ముందు ఎర్తింగ్ చూపించండి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గానీ వెనక ఎర్త్ వైరు ఉండదు. లాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే, వాయిదా వేయకండి. గాలివానకి కొబ్బరిమట్ట పడి ఫైబర్ వైరు తెగితే యూపీఎస్ ఏం చేస్తుంది చెప్పండి? ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఒకటి వేసి ఉంచుకోండి. అక్టోబరు, నవంబరు తుఫాన్లప్పుడు మా ఇంట్లో అదే దిక్కు.

రాజోలు కుర్రాడు:
చాలా థ్యాంక్సండి. పడమటి గదే ఖాయం, ముందు ఎర్తింగ్ చూపిస్తాను. కుర్చీ ఖరీదైనదే కొనాలా?

పాలకొల్లు నుంచి:
అక్కర్లేదండి. నడుముకి ఆనుడు ఉండాలి, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, అందకపోతే కింద పీట వేసుకోండి. ఎత్తు మార్చుకునే కుర్చీ అయితే మేలు. షాపులో ఓ పావుగంట కూర్చుని చూశాకే డబ్బు ఇవ్వండి.