ఐసోల్యూసిన్‌కి నాలుగు రూపాలెందుకు?

ప్రశ్న: ల్యూసిన్, ఐసోల్యూసిన్ రెండూ ప్రొటీన్లలో ఉండే అమైనో ఆమ్లాలే. ల్యూసిన్‌కి ఎల్, డి అని అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండే రూపాలు, ఐసోల్యూసిన్‌కి మాత్రం నాలుగంటున్నారు. ఫార్ములా ఒకటే కదా, తేడా ఎక్కడ? బుర్ర వేడెక్కింది.

జవాబు: ఫార్ములా పక్కన పెట్టి బొమ్మ గీయండి. ల్యూసిన్‌లో కొమ్మ నాలుగో కార్బన్ దగ్గర, అక్కడున్న రెండు మిథైల్‌లూ ఒకటే కాబట్టి అది కైరల్ (నాలుగు వేర్వేరు గుంపులు అతుక్కున్న కార్బన్) కాదు. ఐసోల్యూసిన్‌లో కొమ్మ మూడో కార్బన్ మీద, దానికి హైడ్రోజన్, మిథైల్, ఇథైల్, ఆల్ఫా కార్బన్ (అంటే రెండో కార్బన్) అని నాలుగూ వేర్వేరు. అంటే 2, 3 రెండూ కైరల్, అందుకే ఎల్, డి, ఎల్-అల్లో, డి-అల్లో (అల్లో అంటే మూడో కార్బన్ అమరిక ఒక్కటే తిరగబడ్డ రూపం). ప్రొటీన్లలో ఉండేది ఎల్, అంటే 2ఎస్,3ఎస్ (ఎస్, ఆర్ అన్నవి ఆ నంబరు కార్బన్ చుట్టూ గుంపులు ఎటువైపు అమరాయో చెప్పే గుర్తులు).

ఇంకొకరు: చాలామంది పొరబడేది ఇక్కడే, ఆల్ఫా కార్బన్ ఒక్కటే తిరగబడితే వచ్చేది డి కాదు, డి-అల్లో. పాత గుల్లల వయసు అంచనాకి ఈ మార్పునే కొలుస్తారు.

అడిగినవారు: మరి మేపుల్ సిరప్ యూరిన్ జబ్బులో (ఐసోల్యూసిన్ లాంటి అమైనో ఆమ్లాలను శరీరం సరిగా విడగొట్టలేని పుట్టుకతో వచ్చే జబ్బు) రక్తంలో చూసేది ఏ రూపం?

జవాబు: ఎల్-అల్లో, 2ఎస్,3ఆర్.